అత్తగారు మోసిన కబుర్లు

పోయిన వారం కోడల్ని ఆదివారం పొద్దున్న ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. అదిగో బండి వస్తోంది, ముందు ఎక్కనిద్దాం.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ కోడలికి ఉద్యోగం రేవు పట్నంలో. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పని. కాపురం మాత్రం మిల్లుల పట్నంలో, మొగుడూ అత్తగారూ ఉన్న ఇరుకింట్లో. రెండు పట్నాల మధ్య దూరాన్ని ఆమె రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బండిలో నిలబడి కొలుస్తుంది. మొగుడు లిఫ్టు మెకానిక్కు, సాయంత్రం డ్యూటీ. ఆమె ఇంటికొచ్చేసరికి అతను ఉండడు. అతను వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. అతను లేచేసరికి ఆమె మళ్ళీ బండిలో ఉంటుంది. మిగిలిన ఆదివారం కాస్తా అతని ఓవర్‌టైముకే పోతుంది. పెళ్ళయి ఏడాది దాటినా వాళ్ళిద్దరికీ తీరిగ్గా కూర్చుని దెబ్బలాడుకునే యోగం కూడా పట్టలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, పెళ్ళి చేసుకుని అద్దె ఇల్లు వెతికి చూడు అనే మూడో ముక్క ఎందుకు మరిచిపోయారో తెలీదు.

రేవు పట్నంలో అద్దెలు వింటేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని కోడలు మొగుడికి తెలియకుండా రెండు పట్నాలకీ నడుమ వెతికింది. వెతగ్గా వెతగ్గా, ప్యాసింజరు బండి ఒక్కటే ఆగే చిన్న స్టేషను పక్కన ఒక మేడ మీద వాటా దొరికింది. అటు ఆమె పనికీ ఇటు అతని పనికీ సమాన దూరం. అద్దె కూడా అందుబాటులో ఉంది, ఎందుకంటే బండి పోయినప్పుడల్లా ఆ ఇంట్లో గిన్నెలన్నీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఇంటావిడ బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఇప్పటికీ మెళ్ళో విజిలు వేలాడుతూనే ఉంటుంది. అంతా కుదిరిందనుకునేసరికి ఆవిడ చల్లగా చెప్పింది, ఇంకెవరో కూడా ఆ వాటానే అడుగుతున్నారని. ఎక్కువ అద్దె ఇస్తానంటే ఆవిడ ఒప్పుకోదు. అది వేలంపాట అవుతుందట. ఇద్దరూ ఆదివారం రావాలి, ఎదురెదురుగా కూర్చుని ఎవరి అవసరం వాళ్ళు చెప్పుకోవాలి, ఆవిడ విజిలు ఊది తీర్పు చెబుతుంది. ఇదీ ఆ ఇంటి పద్ధతి.

ఆ ఆదివారమే ఇవాళ. బండి వచ్చింది, కోడలు ఎక్కింది.

సెలవురోజు కాబట్టి బోగీ సగానికి సగం ఖాళీ. కోడలు మాత్రం అలవాటు కొద్దీ తలుపు దగ్గరే నిలబడి, పైనుంచి వేలాడే పిడి పట్టుకుంది. మనసులో మాటలు పేర్చుకుంటోంది. అవతలివాళ్ళు ఏం చెప్పినా సరే, ఇవాళ ఆ ఇల్లు వదలకూడదు. వదిలితే మిగిలేది హాస్టలు. ఆ మాట గుర్తొచ్చి ఆమె పిడిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆ హాస్టలు గొడవ ఏమిటో చెప్పాలంటే అత్తగారి గురించి చెప్పాలి. మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు దొరకరు కాబట్టి ఆ ఇంట్లో కబుర్లన్నీ అత్తగారి మీదుగానే నడుస్తాయి. 'అత్తయ్యా, ఆయనకి చెప్పండి' అని ఈమె, 'అమ్మా, తనకి చెప్పు' అని అతను. ఫోన్లున్నాయిగా అంటారేమో. లిఫ్టు గుంటలో దిగినవాడికి సిగ్నల్ ఉండదు, పళ్ళ సెట్లకి సానపట్టే చోట చేతులు ఖాళీ ఉండవు. ఇంతకన్నా అత్తగారే నయమని ఇద్దరూ అనుకున్నారు. అక్కడే పప్పులో కాలేశారు.

ఎందుకంటే అత్తగారు ముప్ఫయ్యేళ్ళకు పైగా తంతి ఆఫీసులో, అంటే టెలిగ్రాములు పంపే చోట, పనిచేసింది. మాటకింత అని జనం డబ్బు కట్టే రోజులవి. కౌంటరు ముందు నిలబడి బావురుమనేవాళ్ళు చెప్పే రామాయణాన్నంతా విని, వాళ్ళ డబ్బు మిగలాలని నాలుగు మాటల్లోకి కుదించి ఇవ్వడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. తంతులు పోయాయి, ఆఫీసు మూసేశారు, ఆవిడ రిటైరయింది. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పక్కింటావిడ కులాసా అడిగితే "కులాసా" అంటుంది. మీరూ కులాసాయేనా అన్న మాట మిగుల్చుకుంటుంది.

నెల కిందట ఒక సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుండగానే అత్తగారు కబురు అందించింది.

"హాస్టలు చూసుకోమన్నాడు. రేవు పట్నంలో."

అంతే. ముందూ లేదు, వెనకా లేదు. కోడలు ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయింది. పొద్దున్నే బదులు చెప్పి బండెక్కేసింది. ఆనాటి నుంచీ ఇద్దరి మధ్యా అత్తగారి కబుర్లు కూడా తగ్గిపోయాయి. ఇంట్లో మూగనోము పట్టినట్టయింది. కోడలు మాత్రం లోపల పట్టుదల పెంచుకుంది. ఆయనకి నేను బరువైతే అయ్యానుగాక, ఒకసారి ఇద్దరికీ సరిపోయే ఇల్లు తెచ్చి ఎదురుగా పెడతాను, అప్పుడు కూడా హాస్టలే అంటే అప్పుడు చూద్దాం అనుకుంది. ఇల్లు వెతుకుతున్న సంగతి అత్తగారికొక్కదానికే చెప్పి, "దొరికేదాకా ఆయనతో అనకండి" అని చెయ్యి పట్టుకుని అడిగింది. ఆవిడ తలూపింది.

నడిమి స్టేషన్లో కోడలు దిగేసరికి స్టేషన్ మాస్టారు గది ముందు నిలబడి నిచ్చెన కాళ్ళు సరిచూసుకుంటున్నాడు. దిగింది ఆమె ఒక్కతే. అవతలి జట్టు ఈ బండికి రాలేదని ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది.

డ్రిల్లు టీచరమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఇంకో రెండు కుర్చీలు, ఒకదానికొకటి మొహం చూసుకునేలా వేసి ఉన్నాయి.

"రా పళ్ళమ్మాయ్. కూర్చో. నీళ్ళు తాగు."

"అవతలివాళ్ళు రాలేదా టీచరుగారూ?"

"వాళ్ళ సంగతి నాకొదిలెయ్. ముందు ఊపిరి పీల్చుకో. పరుగెత్తి వచ్చినవాళ్ళ మాట నేను వినను."

కోడలు నీళ్ళు తాగింది. పైన వాటాలో ఎవరో ఊడుస్తున్నారు. మధ్యమధ్యలో చీపురు కట్ట నేలకేసి కొట్టి పుల్లలు సరిచేసుకుంటున్న చప్పుడు. టక్, టకటక, టక్. ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, ఆమె బుర్రలో ఇప్పుడు ఇల్లు తప్ప ఇంకేమీ పట్టే చోటు లేదు.

"ఒకసారి పైకెళ్ళి చూసి రానా?"

"నేల తడిగా ఉంది. జారి పడితే పళ్ళు ఊడతాయి. నువ్వైతే మళ్ళీ చేసుకుంటావనుకో" అని టీచరమ్మ తన మాటకి తనే నవ్వుకుంది.

కోడలు తలెత్తి మేడ వైపు చూసింది. తూర్పు కిటికీకి పోయినసారి లేని నల్ల కాగితం ఒకటి లోపలి నుంచి అంటించి ఉంది. నాలుగు మూలలూ కొలిచి కోసినంత నేర్పుగా ఉంది.

"ఆ కాగితం ఏమిటండీ?"

"అవతలి జట్టు పని. ఆ గదిలో పొద్దుటెండ పడుతుందా, కాగితం అంటిస్తే ఆగుతుందా అని పరీక్షించాడు. వాళ్ళావిడ నిద్ర కోసమట."

కోడలికి ఆ కాగితం మీద ఒళ్ళు మండింది. ఇంకా ఇల్లు చేతికి రానేలేదు, అప్పుడే పెళ్ళానికి పడగ్గది సింగారిస్తున్నాడు ఈ మహానుభావుడు.

"ఇంతకీ ఎవరండీ వాళ్ళు?"

"పేరూ ఊరూ చెప్పను. అది నా పద్ధతి కాదు. కష్టం మాత్రం చెబుతాను. ఎదుటి జట్టు కష్టం తెలియకుండా ఆడితే అదేం ఆట?" టీచరమ్మ విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఆ పిల్ల కూడా నీలాగే రోజూ బండిలో పడి తిరిగేదే. నిలబడే వెళ్తుంది, నిలబడే వస్తుంది. అతను పని నుంచి వచ్చేసరికి అలసి పడి నిద్రపోతూ ఉంటుందట. నిద్రలో ఆ పిల్ల చెయ్యి పైకి లేస్తుందట."

"చెయ్యా?"

"చెయ్యే. గాల్లోకి లేచి, పిడికిలి బిగించి, దేన్నో పట్టుకున్నట్టు అలాగే ఉండిపోతుందట. అతను పక్కన కూర్చుని ఆ చెయ్యి మెల్లిగా దించి దుప్పట్లో పెడతాడట. కాసేపటికి మళ్ళీ లేస్తుందట. మళ్ళీ దించుతాడట. 'మా ఆవిడ ఇంటికొచ్చినా బండి దిగదండీ' అన్నాడు. అని ఆ మూల స్తంభం వైపు తిరిగి నిలబడ్డాడు. నేను అటు చూడలేదులే."

కోడలు ఖాళీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, నవ్వుకుంటూ కూడా ఉంటారు. నవ్వకండి. నిద్రలో మన చెయ్యి ఏం చేస్తుందో మనలో ఎవరికి తెలుసు? చూసినవాళ్ళు చెబితే తెలియాలి. చెప్పాల్సినవాడు ఆ ఏడాదిలో ఒక్కరోజు కూడా ఆమె మెలకువగా ఉండగా దొరకలేదు.

కోడలికి మొదట అసూయ పుట్టింది. లోకంలో ఇలాంటి మొగుళ్ళు కూడా ఉంటారా అనుకుంది. ఒకడు పెళ్ళాం చెయ్యి నొప్పి పుడుతుందని రాత్రంతా దించుతూ కూర్చుంటాడు, ఒకడు హాస్టలు చూసుకోమంటాడు. తర్వాత ఆ అసూయ దానంతట అదే కరిగిపోయింది. తన కుడి భుజం సంగతి ఆమెకి తెలుసు. పొద్దున్న లేచాక జడ వేసుకోవడానికి ఎత్తితే కలుక్కుమంటుంది. పడుకున్నాక కూడా దిగని చెయ్యి ఇంకెంత సలుపుతుందో పాపం అనుకుంది. ఆ ముక్కూమొహం తెలియని పిల్ల మీద ఆమెకి జాలి పొంగుకొచ్చి కళ్ళు నిండిపోయాయి.

బండిలో పేర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"ఇల్లు వాళ్ళకే ఇచ్చేయండి టీచరుగారూ."

"ఆలోచించుకున్నావా?"

"ఆ పిల్లని ముందు బండి దిగనివ్వండి. నాదేముంది, నా కోసం నల్ల కాగితాలు అంటించేవాళ్ళెవరూ లేరు. ఇంకో చోట చూసుకుంటాను."

టీచరమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. తర్వాత విజిలు నోట్లో పెట్టుకుని వీధి చివర కుక్క కూడా లేచి కూర్చునేంత గట్టిగా ఊదింది.

"రెండు జట్లూ అవుటు. నలభయ్యేళ్ళు ఆటలు ఆడించాను గానీ ఇలాంటి ఆట చూడలేదు."

"రెండు జట్లేంటండీ?"

"అతను నీకంటే ముందే, రోడ్డు మీదుగా వచ్చాడు. నీ కష్టం అతనికి చెప్పాను. మొగుడితో కలిసి రోజుకి ఒక్కపూటైనా వేడన్నం తినాలన్నావు చూడు, వంటగదిలో రెండు పీటలు పక్కపక్కన పడతాయా అని నేల మీద కూర్చుని మరీ చూశావు చూడు, ఆ సంగతి. విన్నాడు. 'ఆవిడకే ఇచ్చేయండి, కలిసి తిననివ్వండి' అన్నాడు. ఇల్లు వదులుకున్నవాడు వెళ్తాడా అంటే వెళ్ళడే. నా నీళ్ళ మోటారు మూలుగుతోందని పెరట్లో దాన్ని విప్పి ముందేసుకుని కూర్చున్నాడు."

ఆవిడ పెరటి వైపు తిరిగి ఇంకోసారి విజిలు ఊదింది.

ఇంటి పక్క సందులోంచి మోచేతుల దాకా గ్రీజుతో, చేతిలో స్పానరుతో ఒక మనిషి వచ్చాడు. వస్తూనే, "టీచరుగారూ, బేరింగు పోయిందండీ, కొత్తది..." అంటూ తలెత్తాడు. స్పానరు జారి కాలి మీద పడింది. నొప్పి అనడం కూడా మరిచిపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు.

"మీరేంటి ఇక్కడ?" అంది కోడలు. కోపం వస్తే ఆమె మొగుణ్ణి మీరు అంటుంది, మనసు బాగుంటే నువ్వు అంటుంది. నెల రోజులుగా అత్తగారి దగ్గర అతని పేరెత్తినప్పుడల్లా మీరే నడుస్తోంది. "ఇవాళ ఓవర్‌టైమని అత్తయ్యతో చెప్పారటగా."

"నువ్వు పని ఎక్కువుందని వర్క్‌షాపుకి వెళ్ళావని అమ్మ..." అతను ఆగిపోయాడు. వరండాలోని రెండు కుర్చీల వంక చూశాడు. కోడలి ఎర్రబడ్డ కళ్ళ వంక చూశాడు. "రెండు పీటలు పడతాయా అని చూసింది నువ్వా?"

కోడలు తన కుడి చెయ్యి వంక చూసుకుంటోంది. దాన్ని కాస్త పైకెత్తింది. పిడికిలి ముడిచింది, విప్పింది.

"నా చెయ్యి నిజంగా లేస్తుందా?" అంది మెల్లిగా.

"రోజూ."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? నువ్వు లేచి ఉండగా నేను చూస్తే కదా."

కోడలు కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో టీచరమ్మకి తెలీలేదు. నిజానికి రెండూ ఒకేసారి తన్నుకొస్తున్నాయి. ఏడాదిగా మోస్తున్న బరువేదో భుజం మీంచి ఎవరో అందుకున్నట్టయి, ఆమెకి ఒళ్ళంతా తేలికైంది. అయితే ఆడదాని లెక్క అంత తొందరగా తేలదు. కళ్ళు తుడుచుకుని సూటిగా అడిగింది.

"మరి హాస్టలు చూసుకోమన్నది ఎవరు?"

"నేనా? ఎప్పుడు?"

"మీరే. అత్తయ్యతో చెప్పి పంపారు."

అతను గ్రీజు చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. అక్కడ ఒక నల్ల ముద్ర పడింది. "నేను అమ్మతో ఏం చెప్పానో తెలుసా? 'అమ్మా, తను రోజూ అలా నిలబడి వెళ్ళడం నేను చూడలేకపోతున్నాను. మధ్యలో ఇల్లు వెతుకుతున్నాను, అది మాత్రం తనకి చెప్పకు. అది దొరికేదాకా, తనకి ఇష్టమైతేనే, రేవు పట్నంలో నాలుగు రోజులు ఏదైనా హాస్టలు చూసుకుంటే ఒళ్ళు తేరుకుంటుందేమో అడుగు. తను లేకపోతే నాకు ఇంట్లో ఏమీ తోచదు, అది కూడా చెప్పు' అన్నాను. ఇంత చెప్పాను."

"నాకు అందింది నాలుగు ముక్కలు."

"మరి నువ్వు? 'వెళ్తానంది' అని చెప్పింది అమ్మ. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందా అని ఆ రోజంతా నాకు పని నడవలేదు. లిఫ్టు కిందికి పొమ్మంటే పైకి పోయింది."

"నేనేమన్నానో తెలుసా? 'వెళ్ళమంటే వెళ్తాను గానీ, ఆయన్ని వదిలి ఉండటం నా వల్ల కాదని చెప్పండి' అన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అతనికి నవ్వొచ్చింది. తర్వాత ఆమెకి. నెల రోజుల అలకంతా అత్తగారు పొదుపు చేసిన నాలుగు మాటల మీద నడిచిందని తెలిశాక ఎవరైనా ఏం చేస్తారు? నవ్వీ నవ్వీ కోడలికి కడుపు పట్టేసింది. అతను నవ్వుతూ ఎదుటి కుర్చీలో కూర్చోబోయి, గ్రీజు గుర్తొచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు.

"పగటి డ్యూటీ రాయించుకున్నాను" అన్నాడు. "ఈ నెల నుంచే. ఇద్దరం పొద్దున్న ఒకే వేళకి బయల్దేరొచ్చు. నువ్వటు, నేనిటు. సాయంత్రం మళ్ళీ ఇక్కడే."

"ఆ మాట అత్తయ్యతో చెప్పి పంపలేదు కదా నువ్వు?"

నువ్వు అన్న మాట వినగానే అతని మొహం విప్పారింది. గ్రీజు అంటిన మొహమైనా సరే, కోడలికి ఆ క్షణంలో అంత అందమైన మొహం ఇంకోటి కనిపించలేదు. ఆమె టీచరమ్మ వైపు తిరిగింది.

"టీచరుగారూ, అవతలి జట్టూ ఇవతలి జట్టూ ఒకటే. ఇల్లు మాకిచ్చేయండి."

"కుదరదు" అంది టీచరమ్మ.

"అదేమిటండీ?"

"ఇద్దరూ వదులుకున్నారు. విజిలు కూడా ఊదేశాను. ఊదిన విజిలు నేను ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు. శుక్రవారం మూడో మనిషి వచ్చి, ఆ ఇద్దరూ వదులుకుంటే ఇల్లు నాకు అని చెప్పి వెళ్ళింది. పద్ధతి ప్రకారం ఇల్లు ఆవిడది."

కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. చేతికందింది నోటికి అందకుండా పోవడమంటే ఇదే. "ఇద్దరం వదులుకుంటామని ఆవిడకి ముందే ఎలా తెలుసండీ?"

"నేనూ అదే అడిగాను. జవాబు చెప్పలేదు. పొద్దున్నే చీపురుతో సహా దిగింది. ఇంకా ఎవరూ వదులుకోలేదమ్మా అన్నాను. 'వదులుకుంటారు' అని పైకెళ్ళిపోయింది."

పైన ఊడ్చే చప్పుడు ఆగి, చీపురు కట్ట నేలకి తగిలింది. టక్, టకటక, టక్.

ఈసారి కోడలు విన్నది. రోజూ తెల్లారుజామున చీకట్లో జడ వేసుకుంటుంటే వంటింట్లోంచి వినిపించే చప్పుడది. ఆమె చూపు మెట్ల మీదికి పోయింది. అతను కూడా అప్పటికే అటే చూస్తున్నాడు.

కొంగు నడుముకి దోపుకుని, తలకి తుండుగుడ్డ చుట్టుకుని అత్తగారు మెట్లు దిగుతోంది. సగం మెట్ల దగ్గర ఆగింది.

"చెప్పులు బయట" అంది. "పైన కడిగాను."

"అమ్మా, నువ్వా?" అన్నాడు కొడుకు. "నేను వెతుకుతోందీ తను వెతుకుతోందీ ఒకటే ఇల్లని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"ఒకరి తంతి ఇంకొకరికి చెప్పను. ఉద్యోగంలో చెప్పలేదు. ఇంట్లోనా?"

పాపం, ఇద్దరి గుట్టూ కడుపులో పెట్టుకుని, పైకి చెప్పలేక, ఊరుకోలేక ఆవిడ ఎంత సతమతమైపోయిందో ఆవిడకే తెలియాలి. చివరికి మాట తప్పకుండా చేయగలిగిన పని ఒక్కటే కనిపించింది. అది చేసేసింది.

కొడుకు గొంతు తగ్గించి అడిగాడు. "నేను వదులుకుంటానని నీకెలా తెలుసు?"

"నీ తల్లిని."

కోడలు మెట్ల దగ్గరికి నడిచింది. "మరి నేను, అత్తయ్యా? నేనూ వదులుకుంటానని ఎలా తెలుసు మీకు?"

అత్తగారు తలకి చుట్టిన తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకుంది. మాటలు వెతుక్కునే అలవాటు లేని మనిషి, ఉన్న మాటల్లోంచి తీసేసే అలవాటున్న మనిషి, ఆ రోజు మాత్రం ఒకటి రెండు ఎక్కువే ఖర్చు చేసింది.

"నిన్ను నేనే చూసి, నచ్చి, మా వాడికి అడిగి తెచ్చుకున్నాను. నాకు తెలీదా?"

కోడలు ఆవిడ తడి చేతులు రెండూ పట్టుకుంది. అత్తగారు చేతులు విడిపించుకోలేదు. టీచరమ్మ అనవసరంగా విజిలు తుడుచుకుంది.

"ఇల్లు నా పేర" అంది అత్తగారు కాసేపటికి. "మీరుండొచ్చు. షరతు ఒకటి."

"ఏంటమ్మా?"

"మీ మాటలు మీరే చెప్పుకోవాలి. నా ఆఫీసు మూత." ఆవిడ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు తల పంకించింది. "ఒక తంతి మిగిలింది. స్టేషన్ మాస్టారిది. తెల్లారుజాము బండి దిగితే ఇచ్చాడు. మీ ఇద్దరికీ అదే ఆఖరు."

"ఏమన్నాడు?"

"రేపటి నుంచి బండి ఆగదు."

కోడలు పట్టుకున్న చేతులు వదిలేసింది. ఆ స్టేషన్లో ఆగేది ఆ ప్యాసింజరు ఒక్కటే. అది ఆగకపోతే ఆ ఇల్లు రెండు పట్నాలకీ నడుమ ఉన్నా ఒకటే, నడిసముద్రంలో ఉన్నా ఒకటే. కోడలు మొగుడి వైపు చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన ఒకేసారి వచ్చింది.

"అత్తయ్యా, స్టేషన్ మాస్టారు మీతో ఎంతసేపు మాట్లాడారు?"

"చాలాసేపు. చేతులు తిప్పుతూ."

"అందులో మీరు ఎన్ని మాటలు తీసేశారు?"

అత్తగారు మెట్టు మీద నిలబడి నిజాయితీగా ఆలోచించింది. జీవితంలో మొదటిసారి ఆవిడ మొహంలో కాస్త అనుమానం కనిపించింది.

"గుర్తులేదు" అంది.

అతను లేచాడు. కోడలు అప్పటికే గేటు తీస్తోంది. అతను వెనకే వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున్నంతా బండిలో పిడి పట్టుకున్న చెయ్యి అది. గ్రీజు అంటుతుందని అతను వదలబోతే ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ స్టేషను వైపు పరుగు తీశారు. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకే వేళలో ఒకే వైపు వెళ్ళడం అదే మొదటిసారి. వెళ్తున్నది ఏ కబురు వినడానికో తెలియకపోయినా ఇద్దరికీ దారిపొడుగునా నవ్వు ఆగలేదు.

మలుపు తిరగ్గానే స్టేషను కనిపించింది. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు.

ప్లాట్‌ఫారం చివర స్టేషన్ మాస్టారు నిచ్చెనెక్కి ఉన్నాడు. ఊరి పేరు రాసిన పెద్ద పసుపు బోర్డు మేకులు పీకేస్తున్నాడు. బోర్డు ఒక పక్క అప్పటికే కిందికి వాలిపోయింది. ఎందుకు పీకుతున్నాడో, ఆయన మాటల్లో అత్తగారు ఎన్ని తీసేసిందో వచ్చే వారం అడుగుదాం.